జడవాయువుల జాడ తీసిన రామ్సే మహాశయుడు

మన బెంగుళూరులోని టాటా ఇన్‌స్టిట్యూట్ ప్రక్కగా మనలో అనేకులు పోవుచుందుము. ఆ విద్యాలయమునకు ఈ ఊరు తగినదని సలహా ఇచ్చినవాడు సర్ విలియం రామ్సే. జంషెడ్జీ టాటాగారి ప్రతిపాదనను పరిశీలించుటకై 1900లో ఆయన మన దేశమునకు వచ్చి, పలు పట్టణములు చూచి, ఈ నగరమును ఎన్నుకొనెను. అట్టి మహనీయుని చరిత్రను ఈ ఉగాది సంచికలో స్మరించుట ఉచితమని మేము తలచితిమి.

రామ్సే 1852 అక్టోబరు 2న స్కాట్లండులోని గ్లాస్గోలో జన్మించెను. జర్మనీలో డాక్టరు పట్టము పొంది, బ్రిస్టలులో బోధించి, 1887లో లండను యూనివర్సిటీ కాలేజీలో రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. తన గాజు పరికరములను తానే ఊది చేసుకొనెడి నేర్పరి.

ఆ కాలమున రేలీ ప్రభువు ఒక వింత గమనించెను. గాలినుండి తీసిన నత్రజని లీటరు 1.257 గ్రాములు తూగెను. రసాయనములనుండి తీసినది 1.251 మాత్రమే. రూపాయికి అరపైసా పాటి తేడా! దానిని ఎవరు పట్టించుకొందురు? రామ్సే పట్టించుకొనెను. కాల్చిన మెగ్నీషియముపై ఆ నత్రజనిని పలుమార్లు పోనిచ్చి, నత్రజని అంతయు లోహముతో కలిసిపోగా మిగిలిన వాయువును పట్టెను. 1894లో ఇరువురును దానిని లోకమునకు ప్రకటించిరి. గాలిలో నూటికి ఇంచుమించు ఒక పాలు అదే!

అది దేనితోను కలియదు. మహోగ్రమైన ఫ్లోరినుతో మ్వాసాన్ పండితుడు ప్రయత్నించియు విఫలుడయ్యెను. కనుకనే గ్రీకు భాషలో సోమరి అను అర్థమిచ్చు ఆర్గాను అని పేరు పెట్టిరి. మూలకముల పట్టికలో దానికి చోటు లేదు. పట్టిక నిర్మాత మెండిలీవే అది నత్రజనియొక్క మరియొక రూపము కావచ్చునని శంకించెను. ఒంటరిగా నున్నచో రామ్సే మాట నిలుచుట కష్టమే.

ఆయన ఆ వాయువు బంధువులను వెదకెను. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణమును మన గుంటూరునుండి ఫ్రెంచి పండితుడు జాన్సెన్ పరిశీలించెను. ఆ యేటి పరిశీలనలలో సూర్యకాంతియందు కనబడిన ఒక పసుపు రేఖ భూమిపై తెలిసిన ఏ మూలకమునకును చెందలేదు. దానికి హీలియమని పేరుమాత్ర ముండెను. 1895లో రామ్సే ఒక యురేనియపు ఖనిజమునుండి ఆ హీలియమునే వెలికితీసెను. 1898లో ట్రావర్సుతో కలిసి ద్రవీకరించిన గాలినుండి క్రిప్టాను, నియాను, జెనానులను కనుగొనెను. పట్టికలో ఒక క్రొత్త వరుసయే ఏర్పడెను. 1904లో నోబెల్ బహుమానము లభించెను. ఆ ట్రావర్సే మన ఇన్‌స్టిట్యూట్‌కు మొదటి డైరెక్టరు.

వీని జడత్వమునకు కారణమేమి? పరమాణువులు వెలుపలి కక్ష్యలోని ఎలక్ట్రానులను ఇచ్చుకొనియో, పుచ్చుకొనియో, పంచుకొనియో కలియును. ఈ వాయువులకు ఆ కక్ష్య ముందే నిండియున్నది. హీలియమునకు రెండు, తక్కినవానికి ఎనిమిది. కడుపు నిండినవాడు పొరుగింట చేయి చాపడు గదా! ఈ సిద్ధాంతమునకు లూయిస్, కాసెల్ అనువారు రూపమిచ్చిన 1916లోనే, జూలై 23న, రామ్సే కన్నుమూసెను.

అయినను ఆ వ్రతము పూర్తిగా అభేద్యము కాదు. జెనాను పరమాణువు పెద్దది. వెలుపలి ఎలక్ట్రానులపై దాని పట్టు సడలినది. 1962లో బార్ట్‌లెట్ దానిని మరియొక పదార్థముతో కలిపి చూపెను.

అరపైసా తేడాను ఉపేక్షింపనివాడు ఒక మూలక కుటుంబమునే కనుగొనెను. లెక్క తప్పినప్పుడు విసుగు చెందక, ఎందుకు తప్పినదని అడుగు అలవాటు మన పిల్లలకు అబ్బుగాక!