ఎప్‌వర్త్ ఇంటిబడి గురువు సుసన్నా వెస్లీ

మెథడిస్టు ఉద్యమాన్ని స్థాపించిన జాన్ వెస్లీ, వేలాది కీర్తనలు రచించిన చార్లెస్ వెస్లీ క్రైస్తవ లోకానికి సుపరిచితులు. ఆ సోదరులకు అక్షరాలు నేర్పినది కన్నతల్లి సుసన్నా వెస్లీ. ఇంటిలోని ఒక గదినే బడిగా, బైబిలునే తొలి వాచకంగా చేసుకొని ఆమె సుమారు ఇరవై సంవత్సరాలు తన బిడ్డలకు తానే చదువు చెప్పుకొన్నారు. ఇంటివద్ద విద్య అనే మాట వచ్చినప్పుడల్లా నేటికీ ఆమె పేరు స్మరణకు వస్తుంది.

సుసన్నా 1669 జనవరి 20న లండన్ నగరంలో జన్మించారు. తండ్రి శామ్యూల్ ఆన్స్‌లీ ఆంగ్లికన్ సంఘం నుండి వెలుపలికి వచ్చిన ప్రముఖ బోధకులు. ఆయన ఇరవై ఐదుగురు సంతానంలో సుసన్నా కడసారి బిడ్డ. బాలికలకు విశ్వవిద్యాలయ ద్వారాలు మూసి ఉన్న కాలమది. అయినా ఆమె ఇంటివద్దనే గ్రంథపఠనంతో స్వతంత్రంగా ఆలోచించడం అలవరచుకొన్నారు. పదమూడేండ్లు నిండకముందే, తండ్రి విడిచిన ఆంగ్లికన్ సంఘంలోనే చేరాలని తానే నిశ్చయించుకొన్నారు.

1688లో ఆమెకు శామ్యూల్ వెస్లీ అనే యువ మతాచార్యునితో వివాహం జరిగింది. 1690వ దశకం చివరినాటికి ఆ కుటుంబం లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ గ్రామంలో స్థిరపడింది. దంపతులకు పందొమ్మిదిమంది బిడ్డలు కలిగారు. వారిలో తొమ్మిదిమంది శైశవంలోనే కన్నుమూశారు. మిగిలిన పదిమందిలో ఏడుగురు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు. భర్త పండితుడేగాని డబ్బు లెక్కలు తెలిసినవాడు కాదు. 1705లో అప్పు తీర్చలేక లింకన్ కోటలోని చెరసాల పాలయ్యారు. ఇంటిబడి నడిచినది ఇట్టి లేమి, మరణాల నడుమనే.

ఆ బడి పద్ధతి ఎట్టిదో తెలియడానికి ప్రధానాధారం, 1732లో కుమారుడు జాన్ కోరికపై ఆమె రాసి పంపిన సుదీర్ఘమైన లేఖ. బిడ్డకు అయిదేండ్లు నిండేవరకు ఆమె అక్షరాల జోలికి పోలేదు. అయిదవ పుట్టినరోజు గడిచిన మరునాడే విద్యారంభం. ముందురోజున ఇల్లంతా సర్ది, ఎవరి పని వారికి పురమాయించి, బడివేళలో ఎవరూ ఆ గదిలోకి రాకూడదని కట్టడి చేసేవారు. ఉదయం తొమ్మిది నుండి పన్నెండు వరకు, మధ్యాహ్నం రెండు నుండి అయిదు వరకు పాఠాలు. అక్షరాలన్నీ గుర్తుపట్టడానికి ఒక్క రోజు గడువు. మేరీ, ఆన్ అనే ఇద్దరికి మాత్రం ఒకటిన్నర రోజు పట్టింది.

అక్షరాలు రాగానే ఆదికాండము మొదటి అధ్యాయం చేతికి వచ్చేది. మొదటి వచనాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కొని, తడబాటు లేకుండా చదవగలిగేవరకు మళ్లీ మళ్లీ చదివించి, ఆ తరువాతనే రెండవ వచనానికి వెళ్లేవారు. పెద్ద కుమారుడు శామ్యూల్ ఫిబ్రవరిలో ఈ విధంగా ప్రారంభించి, ఈస్టరు తరువాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు పండుగనాటికి ఒక అధ్యాయాన్ని చక్కగా చదవగలిగాడు. చిన్న కుమార్తె కెజియా విషయంలో మాత్రం ఇంటివారి మాట చెల్లి, అయిదేండ్లకు ముందే చదువు మొదలైంది. తక్కినవారు నెలల్లో నేర్చినది ఆమె నేర్వడానికి సంవత్సరాలు పట్టిందని తల్లి నమోదు చేశారు. వయసు రాకముందు బిడ్డను తొందరపెట్టరాదని నేటి ఉపాధ్యాయ శిక్షణలో చెప్పే సూత్రం ఆమెకు అనుభవం వల్లనే తెలిసింది.

పుస్తకంతోనే బడి ముగిసేది కాదు. ఇంకా మాటలు రాని పసివారు సైతం కుటుంబ ప్రార్థన ముగిసిన వెంటనే సైగలతో దీవెన అడగడం నేర్చుకొనేవారు. బాగా చదవడం రానిదే ఆడపిల్లను కుట్టుపని మొదలైన పనులలో పెట్టరాదని ఆమె నియమం. చదువు వచ్చిన తరువాత, చదువుకు ఇచ్చినంత కాలాన్ని, అంతే శ్రద్ధను చేతిపనికి ఇవ్వాలి. ముందుగా పనిలో పెట్టడం వల్లనే ఎందరో స్త్రీలు సరిగా చదవలేకపోతున్నారని ఆమె అభిప్రాయం.

1709 ఫిబ్రవరి 9 రాత్రి ఎప్‌వర్త్ గృహం అగ్నికి ఆహుతి అయింది. అయిదేండ్ల జాన్‌ను ఇరుగుపొరుగువారు చివరి క్షణంలో కిటికీగుండా బయటికి తీశారు. పిల్లలు కొంతకాలం పరుల ఇండ్లలో చెల్లాచెదురై పెరిగి, మాటతీరులోను నడవడిలోను మారిపోయారు. అందరూ తిరిగి ఒకచోట చేరాక సుసన్నా మళ్లీ మొదటినుండి ఆరంభించారు. బడివేళ కీర్తనతో మొదలై కీర్తనతో ముగియాలని ఏర్పాటు చేశారు. అందరికంటె పెద్దబిడ్డ, మాటలు వచ్చినవారిలో అందరికంటె చిన్నబిడ్డను చేరదీసి, ఆ రోజు కీర్తనలను, నూతన నిబంధన అధ్యాయాన్ని చదివి వినిపించాలి. దూరాన ఉన్న కుమార్తె కోసం 1710లో అపొస్తలుల విశ్వాస ప్రమాణానికి ఆమె స్వయంగా వ్యాఖ్య రాసి పంపారు.

ఆమె కథలో మన దక్షిణదేశ తీరానికీ చోటున్నది. 1706లో తరంగంబాడిలో అడుగుపెట్టిన డెన్మార్కు రాజు మిషనరీల వృత్తాంతం ఎప్‌వర్త్ గృహానికి చేరింది. పెద్ద కుమార్తె ఎమీలియా దానిని తల్లికి చదివి వినిపించింది. ఆ వృత్తాంతం కలిగించిన ప్రేరణతో సుసన్నా ప్రతి బిడ్డతోను వారానికొక సాయంకాలం ఏకాంతంగా మాట్లాడటం ప్రారంభించారు. గురువారం జాన్‌ది, శనివారం చార్లెస్‌ది. ఆక్స్‌ఫర్డులో పెద్ద చదువులు చదివిన తరువాత సైతం జాన్ ఆ గురువారాలను మరువలేదు. ఆ తరంగంబాడి మిషనుకే తరువాత వచ్చిన బెంజమిన్ షుల్జ్, 1740వ దశకంలో జర్మనీలోని హాలె పట్టణంలో తొలి తెలుగు పుస్తకాలను అచ్చువేయించారు.

1711-12 శీతకాలంలో భర్త లండన్‌లో ఉండగా, ఆదివారం సాయంకాలాల్లో పిల్లలకు, పనివారికి ఆమె చదివి వినిపించే ప్రసంగాలకు ఇరుగుపొరుగువారు రాసాగి, శ్రోతల సంఖ్య రెండువందలు దాటింది. స్త్రీ ఇట్టి పని చేయడమేమిటని అభ్యంతరం వచ్చింది. స్పష్టమైన ఆజ్ఞ ఇస్తే తప్ప మాననని ఆమె భర్తకు జవాబు రాశారు.

ఆమె పద్ధతి అంతా నేడు ఆదర్శం కాజాలదు. ఏడాది నిండేసరికే బెత్తానికి భయపడటం, ఏడ్పును అణచుకోవడం నేర్పాలన్నది ఆమె విధానం. ఆ కాఠిన్యాన్ని నేటి ఉపాధ్యాయులు అంగీకరించరు. అయితే తప్పు ఒప్పుకొన్న బిడ్డను కొట్టరాదని, ఒకే తప్పుకు రెండుసార్లు దండించరాదని, ఇచ్చిన మాట నిలుపుకోవాలని కూడా ఆమె నియమాలలో ఉన్నది.

కుమారులు ముగ్గురూ పెద్ద పాఠశాలలకు, అటుపై ఆక్స్‌ఫర్డుకు వెళ్లారు. కుమార్తెలకు మాత్రం ఆ ఇంటిబడే సర్వస్వం. ఎనిమిదవ ఏటనే గ్రీకు నూతన నిబంధన చదివినదని చెప్పే మెహెటబెల్ మంచి కవయిత్రి అయినా, 1725లో తండ్రి ఆగ్రహం నడుమ తనకు ఏ విధంగానూ సరితూగని వ్యక్తిని పెండ్లాడి దుఃఖభాజనురాలైంది. ఎమీలియా ఉపాధ్యాయినిగా జీవించింది. తల్లి కుమార్తెలకు సమానంగా విద్య ఇవ్వగలిగింది గాని, ఆ విద్యకు తగిన స్థానం సమాజం ఇవ్వలేదు.

1735లో భర్త మరణించిన పిదప సుసన్నా బిడ్డల వద్ద కాలం గడిపి, 1742 జూలైలో లండన్‌లో జాన్ నివాసమైన ఫౌండరీలో తుదిశ్వాస విడిచారు. బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానవాటికలో ఆమె సమాధి ఉన్నది. ఆమె చేతిలో ఉన్న సాధనాలు ఒక గది, ఒక గ్రంథం, నియమిత కాలం మాత్రమే. అంతమంది బిడ్డల నడుమ ప్రతి ఒక్కరికీ విడిగా ఒక సాయంకాలం కేటాయించిన శ్రద్ధయే ఆ ఇంటిబడికి ప్రాణం.