చార్లెస్ వైట్: జనం చేతికి బొమ్మనిచ్చిన నల్లజాతి గురువు

ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో సీటు సంపాదించిన మన పిల్లలకు మొదటి ఏడాదే ఒక సంగతి అర్థమవుతుంది. పాఠాల్లో చూపించే బొమ్మల్లో తమ అమ్మ ముఖం ఉండదు, తమ వాడ ఉండదు. చదువయ్యాక పని ఎవరిస్తారు, మన మనుషుల బొమ్మలు గీస్తే బతుకు గడుస్తుందా అన్న భయం దానికి తోడు. ఈ రెండు ప్రశ్నలతోనే జీవితమంతా పెనుగులాడిన నల్లజాతి చిత్రకారుడు చార్లెస్ వైట్‌ను మనం తెలుసుకోవాలి.

ఆయన 1918 ఏప్రిల్ 2న అమెరికాలోని షికాగోలో పుట్టారు. తల్లి ఎథెల్ ఇళ్లల్లో పనిచేసి బిడ్డను పెంచారు. చూసుకునేవాళ్లు లేక, పనికి పోతూ పిల్లవాణ్ణి పబ్లిక్ లైబ్రరీలో వదిలి వెళ్లేవారు. పుస్తకాలూ బొమ్మలూ ఆయనకు అక్కడే అలవాటయ్యాయి. ఏడేళ్ల వయసులో రంగుల పెట్టె కొనిచ్చింది కూడా ఆ తల్లే. కాస్త పెద్దయ్యాక నల్లజాతి మేధావి అలైన్ లాక్ సంకలనం చేసిన 'ద న్యూ నీగ్రో' చదివారు. మావాళ్లకు ఇంత చరిత్ర ఉంటే బడి పుస్తకంలో ఎందుకు లేదని క్లాసులో అడిగారు. జవాబు రాలేదు, కూర్చోమన్నారు. పద్నాలుగేళ్లకే సైన్‌బోర్డులు రాసి సంపాదించడం మొదలుపెట్టారు.

హైస్కూల్లో ఉండగా రెండు ఆర్ట్ స్కూళ్లు ఆయన బొమ్మలు చూసి స్కాలర్‌షిప్ ఇస్తామన్నాయి. నల్లవాడని తెలియగానే రెండూ వెనక్కి తీసుకున్నాయి. మన విద్యార్థులకు ఈ అనుభవాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆయనను నిలబెట్టింది సొంత మనుషులే. షికాగో దక్షిణ ప్రాంతంలో నల్లజాతి కళాకారులు ఆర్ట్స్ క్రాఫ్ట్స్ గిల్డ్ అనే సంఘం పెట్టుకున్నారు. జార్జ్ నీల్ అనే చిత్రకారుడు వాళ్లకు పాఠాలు చెప్పేవారు. అందరికీ ఫీజు కట్టే స్తోమత లేదు. పార్టీలు పెట్టి డబ్బు పోగుచేసి, ఒకరిద్దరిని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ క్లాసులకు పంపేవాళ్లు. వెళ్లినవాళ్లు నేర్చుకున్నది తిరిగొచ్చి మిగతావాళ్లకు నేర్పేవాళ్లు. తర్వాత 1937లో ఆ ఇన్‌స్టిట్యూట్ స్కాలర్‌షిప్ వైట్‌కు దక్కింది.

1943లో హాంప్టన్ ఇన్‌స్టిట్యూట్ గోడ మీద, ప్రజాస్వామ్యానికి నల్లవాళ్లు చేసిన దోహదం గురించి పెద్ద కుడ్యచిత్రం వేశారు. మరుసటి ఏడాది సైన్యంలో ఉండగా క్షయ సోకి, చాలా కాలం ఆస్పత్రిలోనే గడిచింది. ఆ ఊపిరితిత్తుల జబ్బు చివరిదాకా వెంటాడింది.

1946లో అప్పటి భార్య, శిల్పి ఎలిజబెత్ క్యాట్లెట్‌తో మెక్సికో వెళ్లి, తయ్యేర్ దే గ్రాఫికా పొపులార్ అనే ప్రజా ముద్రణశాలలో పనిచేశారు. అక్కడి కళాకారులు లినోలియం చెక్కి, రాతి మీద గీసి పోస్టర్లు, కరపత్రాలు అచ్చువేసేవారు. అచ్చుబొమ్మ ఒకరి గోడకే పరిమితం కాదు, వందల చేతులకు చేరుతుంది. అందుకే తర్వాత వైట్ తన డ్రాయింగులను కూలినాలి చేసుకునేవాళ్లూ కొనగలిగేలా చవక ముద్రణల్లో తెచ్చారు. పత్రికలకూ, రికార్డుల అట్టలకూ బొమ్మలిచ్చారు. వాటిని తక్కువ పని అనుకోలేదు.

1965 నుంచి చనిపోయేదాకా లాస్ ఏంజెలెస్‌లోని ఓటిస్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో డ్రాయింగ్ నేర్పారు. అమెరికా కళారంగం నైరూప్య చిత్రాల వెంట పోతున్న ఆ రోజుల్లోనూ ఆయన బొగ్గు, సిరా పట్టుకుని నల్లమనుషుల ముఖాలే గీశారు. పారిపోయిన బానిసలను పట్టివ్వమని వేసిన పాత ప్రకటనల ఆధారంగా 'వాంటెడ్ పోస్టర్లు' గీసింది అప్పుడే. ఆయన దగ్గర చదివిన డేవిడ్ హామన్స్, కెర్రీ జేమ్స్ మార్షల్ ఇవాళ ప్రపంచానికి తెలిసిన కళాకారులు. మార్షల్ బడి పిల్లవాడిగా ఉన్నప్పుడే వైట్ స్టూడియోలో సగం గీసిన బొమ్మలు చూశారు. గొప్ప బొమ్మ ఆకాశం నుంచి ఊడిపడదు, గీత మీద గీతగా తయారవుతుందని, తనకూ అది సాధ్యమేనని ఆ పిల్లవాడికి అక్కడే తెలిసింది.

వైట్ 1979 అక్టోబర్ 3న, 61 ఏళ్లకు కన్నుమూశారు. 2018లో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లోనూ ఆయన జీవితకాలపు కృషి ప్రదర్శించారు.

కులం, జాతి ఒకటి కావు. కానీ గిల్డ్ చేసిన పని మనమూ చేయగలం. ఏప్రిల్ 14 వస్తే మన వాడల్లో బ్యానర్లు రాసేవాళ్లు, గోడల మీద బాబాసాహెబ్‌ను గీసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. కాలేజీ గడప తొక్కినవాళ్లు నెలకొక ఆదివారం హాస్టల్‌కు వచ్చి వాళ్ల పక్కన కూర్చోవాలి. పూర్తయిన బొమ్మలే కాదు, సగం గీసినవీ చూపించాలి. పనికి ధర ఎలా చెప్పాలో, బొమ్మ కింద పేరు ఎందుకు రాసుకోవాలో కూడా చెప్పాలి. ఒకరి సీటు పదిమందికి చదువు కావడం అంటే ఇదే.