తెర చాటున తెలివిని కొలవమన్నవాడు: ఆలన్ ట్యూరింగ్

ఒక యంత్రానికి నిజంగా తెలివి ఉందని ఎలా తేల్చాలి? కృత్రిమ మేధ గురించి ఇవాళ జరిగే ప్రతి చర్చలోనూ వచ్చే ప్రశ్న ఇది. 1950లోనే దీనికి ఒక పద్ధతి చెప్పినవాడు బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త ఆలన్ ట్యూరింగ్. తెలివిని ఎవరు కొలుస్తారు, ఏం చూసి కొలుస్తారు అన్నది మనకు కొత్త ప్రశ్న కాదు. అందుకే ఆయన జీవితాన్ని మనమూ చదవాలి.

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు. పాలకుల వైపు కుటుంబం. తండ్రి జూలియస్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి. తల్లి ఈథెల్ మద్రాసు రైల్వే చీఫ్ ఇంజినీర్ కూతురు. ఆలన్ కడుపున పడే నాటికి వాళ్లు ఇప్పటి ఒడిశాలోని ఛత్రపూర్‌లో ఉన్నారు. తల్లిదండ్రులు ఇండియాలో ఉంటే, పిల్లలిద్దరూ ఇంగ్లండ్‌లో వేరేవాళ్ల ఇంట్లో పెరిగారు.

కేంబ్రిడ్జ్‌లో గణితం చదివాడు. 1936లో రాసిన పత్రంలో, సూచనలు మారిస్తే చాలు వేర్వేరు లెక్కలు చేయగల ఒకే యంత్రాన్ని ఊహించాడు. నేటి కంప్యూటర్ సిద్ధాంతానికి పునాది అదే. యుద్ధకాలంలో బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల ఎనిగ్మా సంకేతాలను ఛేదించడంలో ముందు నిలిచాడు. ఆ పని రహస్యం. ఆయన చనిపోయే నాటికీ లోకానికి తెలియదు.

1947లో లండన్‌లో గణిత శాస్త్రవేత్తల ముందు మాట్లాడుతూ ఆయన ఒక న్యాయం అడిగాడు. గణిత పండితుడికి ఏళ్ల తరబడి శిక్షణ ఉంటుంది, అయినా తప్పులు చేస్తాడు. మరి ఏ శిక్షణా ఇవ్వకుండా, ఒక్క తప్పూ చేయకూడదని షరతు పెట్టి, యంత్రానికి తెలివి లేదని తీర్పు చెప్పడం సరికాదన్నాడు. మనిషిని యంత్రంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. కానీ బడి తలుపు మూసి, ఆ తర్వాత ప్రతిభ లేదని తేల్చే పద్ధతి మనకు బాగా తెలుసు.

1950లో 'మైండ్' పత్రికలో పరీక్షను వివరించాడు. అడిగే వ్యక్తి ఒక గదిలో, ఒక మనిషీ ఒక యంత్రమూ వేరే గదిలో. ప్రశ్నలు, జవాబులు అన్నీ టైపు చేసినవే. గొంతు వినపడదు, ముఖం కనపడదు, చేతిరాత కూడా తెలియదు. ఎవరు మనిషో అడిగేవాడు పోల్చుకోలేకపోతే, యంత్రం ఆలోచిస్తోందని ఒప్పుకోవడానికి అభ్యంతరం ఏమిటన్నది ఆయన వాదన. లోపల స్పృహ ఉందో లేదో ఎలా తెలుస్తుందని అడిగేవారికీ సమాధానం చెప్పాడు. ఎదుటి మనిషి లోపలికి కూడా మనం వెళ్లి చూడలేం కదా, మాటను బట్టే నమ్ముతున్నాం.

రాత పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని, ఊరూ ఇంటిపేరూ అడిగే ఇంటర్వ్యూ గదిలో వెనకబడిన విద్యార్థికి ఆ తెర విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు.

పరీక్షకు లోపాలున్నాయి. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ రాసిన ఎలైజా ప్రోగ్రామ్ మన మాటలనే తిప్పి ప్రశ్నలుగా అడిగేది. అంతమాత్రానికే కొందరు దానికి మనసు విప్పి చెప్పుకున్నారు. అంటే తీర్పు చెప్పేవాడు మోసపోవచ్చు. తెర ఉన్నా, అడిగేవాడి అంచనాలు అతడితోనే ఉంటాయి. మాట నేర్పుగా ఉంటే తెలివి ఉన్నట్టేనా అన్న వాదన ఇంకా తెగలేదు.

తెర చాటున కొలవమన్నవాడిని రాజ్యం మాత్రం శరీరాన్ని చూసి కొలిచింది. 1952లో తన ఇంట్లో దొంగతనం జరిగిందని ట్యూరింగ్ పోలీసులకు చెప్పాడు. విచారణలో, ఒక యువకుడితో తనకు సంబంధం ఉందని దాచకుండా ఒప్పుకున్నాడు. 1885 నాటి చట్టం కింద దోషి అయ్యాడు. జైలు తప్పించుకోవడానికి ఏడాదిపాటు హార్మోన్ మందులకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వ రహస్య పనికి అర్హత పోయింది. 1954 జూన్ 7న సైనైడ్ విషంతో చనిపోయాడు. అప్పటికి 41 ఏళ్లు. ఆత్మహత్య అని విచారణలో తేల్చారు.

2009లో బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పాడు. 2013లో రాణి క్షమాభిక్ష ఇచ్చింది. 2021లో 50 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వచ్చింది. అలాంటి చట్టాల కిందే శిక్ష పడిన పేరులేని వేలమందికి క్షమాభిక్ష 2017 దాకా రాలేదు. బ్రిటిష్‌వాళ్లు మనకు రాసిపెట్టిన 377 సెక్షన్ పీడ పోవడానికి 2018 వరకు పట్టింది. వీళ్లెవరూ చేయని నేరానికి క్షమాభిక్ష ఏమిటన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.