తుక్కాదేవి

కటకమేలిన ప్రతాపరుద్ర గజపతి కుమార్తె తుక్కాదేవి. జగన్మోహిని యనియు, అన్నపూర్ణ యనియు ఆమెకు నామాంతరములు. ఆమె సంస్కృతమున కవిత్వము చెప్పగల విదుషి యని ప్రతీతి.

1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతిపై దండెత్తెను. మరుసటి యేట ఉదయగిరియు, 1515లో కొండవీడును ఆయన వశమయ్యెను. కొండవీటిలో తుక్కాదేవి సోదరుడగు వీరభద్రుడు చెఱపడెను. పిమ్మట కొండపల్లి పడెను. తెలంగాణమున దేవరకొండ, అనంతగిరి మొదలగు దుర్గములు లొంగెను. పొట్నూరున రాయల జయస్తంభము లేచెను. గజపతికి సంధి తప్ప వేఱు దారి లేకపోయెను. కృష్ణకు ఉత్తరముననున్న భూమి ఆయనకు తిరిగి దక్కెను. ఆయన కుమార్తె రాయలకు ఇల్లాలయ్యెను. ఈ పెండ్లికి ఆమె సమ్మతి నడిగినట్లు ఎచ్చటను వినము.

పెండ్లినాటి రాత్రి ఆమె చెంత కత్తి యుండెననియు, రాయలు అది యెఱిగి ఆమెను దూరముగా నుంచెననియు ఒక కథ కలదు. కత్తి మాట కట్టుకథ కావచ్చును. సోదరుని చెఱపట్టినవానిని మనసార వరించుట ఏ కన్యకును సులభము కాదను మాట మాత్రము కట్టుకథ కాదు.

భర్తకు దూరమై ఆమె కంభమున కాలము గడపెనని చెప్పుదురు. తుమ్మెద చేరని సంపెంగను గూర్చిన తుక్కాపంచకమను అయిదు శ్లోకములు ఆమెవే యని పెద్దల మాట.

తిరుమల ఆలయమున రాయల లోహవిగ్రహమునకు ఇరువైపుల తిరుమలదేవియు, చిన్నాదేవియు నిలిచియున్నారు. గజపతి కూతురు అచట లేదు. గుండ్లకమ్మ కడ్డముగా కొండల నడుమ కట్టిన కంభము చెరువును మాత్రము ఆ రాజపుత్రియే కట్టించెనని జనులు చెప్పుకొందురు. ఆ నీరు నేటికిని పొలములకు పాఱుచున్నది.