49 రోజుల్లో జీపు: కార్ల్ ప్రాబ్స్ట్ కథ

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే అడవి మొదలవుతుంది. బస్సు వెళ్ళలేని దారుల్లో ఆ ఊళ్ళ జనాన్ని ఏళ్ళ తరబడి మోసింది జీపులే. ఆ జీపులన్నిటికీ తాత లాంటిది యుద్ధకాలం నాటి విల్లీస్ జీపు. దాని డ్యాష్‌బోర్డు రిపేరు ఎంత సులువో తెలిస్తే, ఈ బండి వెనకున్న మనిషి సగం అర్థమవుతాడు.

అసలు అందులో ఊడదీయడానికి పెద్ద బోర్డంటూ ఉండదు. బాడీలో భాగమైన ఒక ఇనుప రేకు, దానికి ఐదు గుండ్రటి మీటర్లు: స్పీడు, పెట్రోలు, ఆయిల్ ప్రెజర్, ఇంజిన్ వేడి, కరెంటు. ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేసి, రేకు వెనక చెయ్యి పెట్టాలి. ఒక్కో మీటర్‌ని ఒక క్లాంపు, చిన్న నట్లు పట్టుకుని ఉంటాయి. స్పీడోమీటర్ కేబుల్‌ని మరతిప్పి లాగితే వచ్చేస్తుంది. ఏ వైరు ఎక్కడిదో గుర్తు పెట్టుకుంటే చాలు. ఆయిల్ మీటర్‌కీ, వేడి మీటర్‌కీ మాత్రం వైర్లుండవు, సన్నటి గొట్టాలుంటాయి. వేడి మీటర్ గొట్టం విరిగితే ఆ మీటర్ పోయినట్టే. అంతకుమించి భయపడాల్సిందేం లేదు. ఇప్పటి కార్లలో అదే పనికి ఎయిర్‌బ్యాగులు, సెన్సర్లు, లెక్కలేనన్ని క్లిప్పులు అడ్డొస్తాయి.

ఈ సింప్లిసిటీ ఎవరో తీరిగ్గా కూర్చుని ఆలోచించింది కాదు. టైం లేక వచ్చింది.

కార్ల్ ప్రాబ్స్ట్ 1883లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో పుట్టారు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివి 1906లో డిగ్రీ తీసుకున్నారు. తర్వాత రకరకాల కార్ల కంపెనీల్లో పనిచేశారు. 1940 నాటికి ఆయనకి 56 ఏళ్ళు. డెట్రాయిట్‌లో సొంతంగా డిజైన్ పనులు చేసుకుంటున్నారు.

ఆ ఏడాది అమెరికా సైన్యానికి ఒక చిన్న, తేలికైన, నాలుగు చక్రాలూ లాగే బండి కావాల్సొచ్చింది. 135 కంపెనీలను అడిగితే పోటీకి వచ్చినవి రెండే: విల్లీస్, బాంటమ్. మొదటి బండి 49 రోజుల్లో ఇవ్వాలన్నది షరతు. అంత తొందరగా తన వల్ల కాదంది విల్లీస్. పెన్సిల్వేనియాలో బట్లర్ అనే ఊళ్ళో ఉన్న బాంటమ్ అప్పటికే దివాలా అంచున ఉంది. డిజైన్ చేయడానికి ఇంజనీర్లు కూడా లేరు. అందుకే ప్రాబ్స్ట్‌ని పిలిచారు. ఆయన మొదట వద్దన్నారు. చివరికి జీతం సంగతి తేలకుండానే జూలై 17న బట్లర్‌కి బయల్దేరారు.

రెండు రోజుల్లో డ్రాయింగ్ అయిపోయింది. మూడో రోజు బరువు, ఖర్చు లెక్కలు. జూలై 22న టెండర్ వేశారు. బండి బరువు 1,300 పౌన్లు దాటకూడదన్న షరతు ఎవరికీ సాధ్యం కానిది, తయారైన బండి దాన్ని బాగానే దాటింది. కొత్తగా అన్నీ తయారుచేసే తీరిక లేదు కాబట్టి కాంటినెంటల్ ఇంజిన్, స్పైసర్ యాక్సిల్స్, ఇలా బయట దొరికేవాటిని తెచ్చి కలిపారు. ఫ్యాక్టరీలో హెరాల్డ్ క్రిస్ట్, ఆయన మనుషులు చేతులతోనే బాడీ కట్టారు. సెప్టెంబర్ 23 సాయంత్రం ఐదు గంటలు డెడ్‌లైన్. ప్రాబ్స్ట్, క్రిస్ట్ ఆ బండిని స్వయంగా నడుపుకుంటూ అరగంట ముందు క్యాంప్ హోలాబర్డ్ చేరారు.

హ్యాకథాన్ అయితే ఇక్కడ చప్పట్లు, ప్రైజ్ ఉండేవి. సైన్యం మాత్రం బాంటమ్ చిన్న కంపెనీ అని, ఆ డిజైన్‌ని విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ చూపించింది. వాళ్ళు తమ మార్పులు చేసుకున్నారు. విల్లీస్ పెట్టిన ఇంజిన్ నిజంగానే ఎక్కువ బలమైనది. యుద్ధం ముగిసేసరికి 6 లక్షలకు పైగా జీపులు తయారైతే, బాంటమ్ చేసినవి 3 వేలు కూడా లేవు. జీపు మా సృష్టే అని విల్లీస్ ప్రకటనలు ఇచ్చుకుంది. అవి తప్పని 1948లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చింది. అయినా 1950లో జీప్ అనే ట్రేడ్‌మార్క్ విల్లీస్‌కే దక్కింది.

మన దేశానికి బండి ఆ పేరుతోనే వచ్చింది. 1947లో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. ప్రాబ్స్ట్ 1963లో, 79 ఏళ్ళ వయసులో చనిపోయారు.

ఆ మీటర్ల రేకు ఆయన ఒక్కడే గీశారనడం అబద్ధమే అవుతుంది. అందులో విల్లీస్, ఫోర్డ్ ఇంజనీర్ల పని కూడా ఉంది. కానీ మామూలు పార్టులతో, మామూలు పానాలతో విప్పేలా బండి కట్టే దారి బట్లర్‌లోనే మొదలైంది. మన కోడ్‌లో గిట్ బ్లేమ్ కొడితే ఏ లైన్ ఎవరు రాశారో చెప్పేస్తుంది. ఇనుప రేకుకి ఆ సౌకర్యం లేదు. ఎప్పుడైనా పాత జీపు మీటర్ వెనక చెయ్యి పెట్టే అవకాశం వస్తే, నట్టు అంత సులువుగా ఎందుకు అందుతోందో గుర్తుంచుకోండి ఫ్రెండ్స్. వేడి మీటర్ గొట్టం మాత్రం జాగ్రత్త.