మేనమామ కసిరి ఉంటే...

చలికాలంలో ముమ్మిడివరం చేలగట్ల మీద తోక ఆడిస్తూ పరుగెత్తే చిన్న పిట్టల్ని మీరు చూసే ఉంటారు. అవి హిమాలయాల నుంచి, ఇంకా ఉత్తర దేశాల నుంచి వలస వచ్చి, ఎండలు ముదిరేలోగా తిరిగి వెళ్ళిపోతాయి. మన దేశంలో ఇలాంటి పక్షుల అధ్యయనానికే జీవితం ఇచ్చినవారు సలీం అలీ.

1896లో బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే మేనమామ పెంచారు. ఒకరోజు ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపు మచ్చ కనిపించింది. అదేం పిట్టో మేనమామకూ తెలియదు. అయినా కసరలేదు, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దాని పేరు చెప్పి, భద్రపరిచిన పక్షులన్నీ ఓపిగ్గా చూపించారు.

తర్వాత కాలేజీ చదువు మధ్యలో ఆగింది. డిగ్రీ లేదని ఉద్యోగం దక్కలేదు. ఆయన మాత్రం చూడటం మానలేదు. గిజిగాడు గూడు కట్టే తీరును నెలల తరబడి గమనించారు. 1931లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు. వలస పక్షుల కాళ్ళకు రింగులు తొడిగి వాటి దారులు తెలుసుకునే పనికి నాయకత్వం వహించారు. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1987లో కన్నుమూశారు.

మీ పిల్లలు ఏదైనా పిట్టను చూపించి పేరు అడిగితే హోంవర్క్ గుర్తు చేయకండి. మీకు తెలియకపోయినా ఫర్వాలేదు. తెలిసినవారి దగ్గరికి తీసుకెళ్ళండి.