బ్రిస్టల్ మాంత్రికుడు: నథానియల్ హెరెషాఫ్

మాది దేవరకొండ. గుట్టలు, ఖిలా, బోరుబావులు మాకు బాగా తెలుసు కానీ సముద్రం మాత్రం చాలా దూరం. పడవ అంటే చందంపేట వైపు కృష్ణా బ్యాక్‌వాటర్‌లో చేపలు పట్టేవాళ్ల పుట్టి గుర్తొస్తుంది, లేదంటే నాగార్జునకొండకు పోయే లాంచి. అలాంటి ఊరివాడు తెరచాప పడవల డిజైనర్ గురించి ఎందుకు రాస్తున్నాడు అని మీకు డౌట్ రావచ్చు. నిజానికి ఇది ఒక ఇంజనీరింగ్ స్టూడెంట్ కథ. అందుకే మన పత్రికకు రాస్తున్నా.

నథానియల్ గ్రీన్ హెరెషాఫ్ 1848 మార్చి 18న అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బ్రిస్టల్ అనే చిన్న రేవు ఊళ్లో పుట్టాడు. ఇంట్లో తొమ్మిది మంది పిల్లలు. ఇతన్ని అందరూ నాట్ అని పిలిచేవాళ్లు. ఏడేళ్లు పెద్దవాడైన అన్న జాన్‌కి చిన్న వయసులోనే చూపు పూర్తిగా పోయింది. అయినా జాన్ పడవలు కట్టడం మానలేదు. తమ్ముడే ఆయనకు కళ్లు. పడవల కొలతలు తీసి చదివి వినిపించడం నాట్ పని. చెక్కతో చేసిన చిన్న నమూనాను జాన్ వేళ్లతో తడిమి, ఏ వంపు ఎక్కడ తేడాగా ఉందో పట్టేసేవాడు.

నాట్ జీవితాంతం డిజైన్ చేసిన పద్ధతి కూడా ఇలాంటిదే. ముందు కాగితం మీద గీతలు గీయడం ఉండదు. మెత్తటి చెక్కను సగం పడవ ఆకారంలో చెక్కుతాడు. చేతికి, కంటికి నచ్చేదాకా గీకుతాడు. తర్వాత దాని మీద నుంచి కొలతలు తీసి, అసలు సైజుకి పెంచి పడవ కడతారు.

అలాగని థియరీ రాదని కాదు. 1866లో ఆయన ఎం.ఐ.టి.లో మెకానికల్ చదవడానికి చేరాడు. అప్పటికి అక్కడ క్లాసులు మొదలై ఏడాదే అయింది. తర్వాత ప్రావిడెన్స్‌లోని కార్లిస్ స్టీమ్ ఇంజన్ కంపెనీలో ఉద్యోగం. పగలంతా ఆవిరి ఇంజన్లు, మిగిలిన టైమ్‌లో అన్నకి పడవల డిజైన్లు. అప్పట్లో ఆయనవి రెండు ఉద్యోగాలన్నమాట.

1876లో న్యూయార్క్ పందేనికి ఆయన అమరిల్లిస్ అనే పడవను తెచ్చాడు. ఒక పెద్ద అడుగుభాగానికి బదులు పక్కపక్కన రెండు సన్నటివి పెట్టాడు. మిగతా పడవలన్నీ వెనకబడిపోయాయి. ఓడినవాళ్లు అభ్యంతరం చెప్పారు, బహుమతి ఆయనకు దక్కలేదు. ఈ రకం పడవను ఇంగ్లీషులో కాటమరాన్ అంటారు. ఆ మాట తమిళం కట్టుమరం నుంచి వెళ్లింది. మన కోస్తాలో తెప్ప అనేది దాని చుట్టమే. దుంగలు కట్టిన మన తెప్ప పేరు ఎక్కడో అమెరికాలో రేసు పడవకి అంటుకుంది. నాకు ఇది మస్తు నచ్చింది.

1878లో నాట్ ఉద్యోగం వదిలేసి అన్నతో కలిసి హెరెషాఫ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పెట్టాడు. వ్యాపారం జాన్ చూసుకునేవాడు, డిజైన్ నాట్ చేసేవాడు. మొదటి పదేళ్లు వాళ్ల పేరు మోగింది తెరచాపలతో కాదు, ఆవిరి పడవలతో. అమెరికా నౌకాదళానికి టార్పెడో పడవలు కూడా కట్టారు.

1888లో ఒక ఘోరం జరిగింది. సే వెన్ అనే ఆవిరి పడవకి స్పీడ్ ట్రయల్ నడుస్తోంది, నాట్ దగ్గరుండి చూస్తున్నాడు. ప్రెషర్ ఎక్కువై సేఫ్టీ వాల్వ్ తెరుచుకుంది. పరీక్ష ఆగకూడదని ఆయన దాన్ని మూసేశాడు. బాయిలర్ పేలింది, ఒక పనివాడు చనిపోయాడు. నాట్‌కి స్టీమ్ ఇంజనీర్ లైసెన్స్ పోయింది. ఆయన మీద రాసినవాళ్లు చాలామంది దీన్ని రెండు ముక్కల్లో దాటేస్తారు. నాకు మాత్రం ఆయన జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన రోజు ఇదే అనిపిస్తుంది. ఆ వాల్వ్ తన పని తాను కరెక్ట్‌గానే చేసింది. దాని మాట వినాల్సినవాడు వినలేదు. వార్నింగ్ మెసేజ్ రాగానే చదవకుండా క్లోజ్ కొట్టే మన బ్రాంచ్ వాళ్లకి ఈ కథ తెలియాలి.

ఆ తర్వాత మూడేళ్లకి, 1891లో, గ్లోరియానా వచ్చింది. పూర్తిగా తెరచాప పడవ. ఆ ఏడు దిగిన 8 పందేలూ గెలిచింది. అక్కడినుంచి అమెరికాస్ కప్ అంటే హెరెషాఫే. 1893లో విజిలెంట్, 1895లో డిఫెండర్, 1899లోనూ 1901లోనూ కొలంబియా, 1903లో రిలయన్స్, 1920లో రెజల్యూట్ గెలిచాయి. 1899 నుంచి ప్రతిసారీ ఓడిపోయిన వ్యక్తి మనకి తెలిసినాయనే, లిప్టన్ టీ కంపెనీ ఓనర్ థామస్ లిప్టన్. అన్నీ గొప్ప పడవలేనా అంటే కాదు. డిఫెండర్‌లో బరువు తగ్గాలని కంచు, అల్యూమినియం కలిపి వాడారు. ఉప్పునీళ్లలో కంచుతో కలిసిన అల్యూమినియం తినేసుకుపోయింది. కెమిస్ట్రీ ల్యాబ్‌లో మనం చూసే సెల్ అది. కప్ గెలిచింది కానీ కొన్నేళ్లకే తుక్కైపోయింది.

ఇక నన్ను ఈయన దాకా తీసుకొచ్చిన చిన్న విషయం చెప్తా. పోయిన ఏడు హుస్సేన్ సాగర్‌లో కొన్నాళ్లు సెయిలింగ్ నేర్చుకున్నా. ఒక పాత పడవలో పెద్ద చాప సగం దాకా లేచి ఆగిపోయింది. నేను తాడు పట్టుకుని వేలాడినా కదల్లేదు. నేర్పించే సార్ బలం వాడొద్దన్నారు. ముందు పడవ ముక్కుని గాలికి ఎదురుగా తిప్పారు, పక్క గాలి తగిలితే చాప కొయ్యకి అదుముకుంటుందట. కింది దూలాన్ని లాగి పట్టే తాడు వదులు చేశారు. తర్వాత కొయ్య కొన వైపు చూశారు, హాలియార్డ్ తాడు మెలిపడిందా, గిరక మీద నుంచి పక్కకి జారిందా అని. మా చేదబావి గిరక ఇరుక్కుంటే మా తాత కూడా ఇట్లనే ముందు పైకి చూసేవాడు. చివరికి తేలింది ఏంటంటే కొయ్య వెంట ఉన్న పట్టాలో దుమ్ము గట్టిపడింది, చాపకి ఉన్న ఒక స్లైడ్ అరిగి అడ్డంగా తిరిగింది. పట్టాని మంచినీళ్లతో కడిగి, ఆరాక పొడి లూబ్రికెంట్ రాసి, స్లైడ్ మార్చారు. గ్రీజు పెట్టొద్దన్నారు, మళ్లీ దుమ్ము పడుతుందని. ఈసారి చాప రెండు చేతులతో సర్రున పైకి పోయింది.

ఆ పట్టా, ఆ స్లైడ్లు ఇప్పుడున్న రూపానికి రావడం హెరెషాఫ్ పనే అని ఆయన కొత్తల జాబితాలో రాస్తారు. అంతకుముందు చాప అంచుని కొయ్య చుట్టూ తొడిగిన చెక్క కడియాలకు కట్టేవాళ్లు. కడియం కొంచెం వంకరైతే చాలు, బిగుసుకుపోతుంది. పైగా కొయ్యని నిలబెట్టే తీగలు ఎక్కడ కడితే కడియం అక్కడ ఆగాల్సిందే. పట్టా వెనక వైపే ఉంటుంది కాబట్టి ముందూ పక్కలా తీగలు ఎక్కడైనా కట్టుకోవచ్చు. దాంతో సన్నటి ఎత్తైన కొయ్యలు, ఎత్తైన చాపలు వీలయ్యాయి. చిన్న పడవల్లో పట్టా బదులు గాడి ఉంటుంది, చాప అంచు తాడు అందులో జారుతుంది. ఐడియా అదే.

ఆయన పెద్ద పని మాత్రం రిలయన్స్. నీటి మట్టం నుంచి కొయ్య కొన దాకా దాదాపు 199 అడుగులు, అంటే చార్మినార్ కంటే ఎత్తు. తెరచాపలు మొత్తం 16,000 చదరపు అడుగులకు పైనే, మన లెక్కలో ఇంచుమించు 15 గుంటల చేను. నడపడానికి 60 మందికి పైగా మనుషులు. అంత చాపని చేతులతో లాగలేరు కాబట్టి డెక్ కింద వించీలు పెట్టాడు. అప్పటి రూల్ పడవ పొడవుని నీళ్ల మీద కొలిచేది. అందుకే ఆయన ముందూ వెనకా నీటికి పైన పొడుగ్గా సాగదీశాడు. పడవ ఒరిగినప్పుడు ఆ భాగం కూడా నీళ్లలోకి వచ్చి స్పీడ్ పెరుగుతుంది. క్లీన్ లూప్‌హోల్. గెలిచింది, కానీ ఆ పందేల తర్వాత ఎందుకూ పనికిరాలేదు, పదేళ్లకి విరగ్గొట్టేశారు.

తమాషా ఏంటంటే ఇలాంటి పడవలు ఇక రాకుండా కొలిచే యూనివర్సల్ రూల్ తయారుచేసిందీ ఆయనే. లూప్‌హోల్ అందరికంటే బాగా తెలిసినవాడే దాన్ని మూశాడు. సేఫ్టీ వాల్వ్ మూసిన చేతికీ ఈ రూల్ రాసిన చేతికీ మధ్య పదిహేనేళ్ల దూరం ఉంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆయన ఎక్కడా చెప్పుకోలేదు, నేనూ తేల్చి చెప్పలేను. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోతున్నా.

1914లో ఆయన పిల్లలు నేర్చుకోవడానికి ఒక చిన్న పడవ చేశాడు. నీటి మీద పొడవు పన్నెండున్నర అడుగులు. ఆ డిజైన్‌తో ఇప్పటికీ పడవలు కడుతున్నారు. మరుసటి ఏడు అన్న జాన్ చనిపోయాడు. కంపెనీ చేతులు మారి, 1924లో వేలానికి వచ్చింది. నాట్ మాత్రం బ్రిస్టల్‌లోనే ఉండి 1938 జూన్ 2న, తొంభై ఏళ్ల వయసులో పోయాడు. ఊరివాళ్లూ పందెంగాళ్లూ బ్రిస్టల్ మాంత్రికుడు అని పిలిచారు ఆయన్ని. ఆ ఊళ్లో ఇప్పుడు హెరెషాఫ్ మ్యూజియం ఉంది, ఆయన చెక్కిన సగం పడవలు గోడలకి వరసగా ఉన్నాయి.

రిలయన్స్ పేరు చదివినవాళ్లకే తెలుసు. స్లైడ్ పట్టా పేరు తెలియకుండానే ప్రపంచమంతా వాడుతోంది. ఈసారి ట్యాంక్‌బండ్ మీద పోతుంటే సాగర్‌లో తెల్లటి చాపలు కనిపిస్తాయి కదా, ఒక్క నిమిషం ఆగి అవి కొయ్య వెంట ఎట్లా పైకి పోతున్నాయో చూడండి.